మీ ఇళ్ళకు వచ్చిన నర్సమ్మ నా కూతురు

పోయిన నెల నా కూతురు చనిపోయింది. గుడియాత్తం చుట్టుపక్కల, ఇటు లత్తేరి దాకా, అటు పేర్ణాంబట్టు దాకా, ఇక బాగయ్యేది లేదని ఆసుపత్రుల నుంచి ఇంటికి పంపేసిన వాళ్ళను చూడడానికి బండిలో వచ్చే నర్సమ్మ ఆమే. ఆమె ఫోను ఇప్పుడు నా దగ్గర ఉంది. రోజూ మోగుతుంది. "నర్సమ్మా, ఇన్నాళ్ళుగా రాలేదేమి? మా ఆయన పుండు మళ్ళీ చీము పట్టింది" అంటారు. నర్సమ్మ లేదమ్మా అంటే, "యాడికి పోయింది?" అని అడుగుతారు. ఒక్కొక్కరికీ చెప్పలేక, అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. నేను అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేదాన్ని. మాది తమిళనాడు; బైబిల్ చదువుకోవడానికి చర్చిలో నేర్చుకున్న తెలుగే నాకు వచ్చిన తెలుగు. తప్పులుంటే సర్దుకోండి.

నర్సు చదువు అయ్యాక ఆమెకు వేలూరులో ఒక ఆసుపత్రిలో పని దొరికింది. ఫ్యాను కింద పని, మంచి పని. కొన్నాళ్ళు చేసి, అది వదిలేసి ఇళ్ళకు తిరిగే పనిలో చేరింది. ఆ బండికి ఒక డ్రైవరు, ఒక డాక్టరమ్మ, నా కూతురు, అంతే. డాక్టరమ్మ గురువారం మాత్రమే వచ్చేది. మిగతా రోజులు అన్ని ఊళ్ళకూ నా కూతురే.

"సచ్చేవాళ్ళ దగ్గర ఏముండాదని పోతావే?" అని నేను అరిచాను.

"నొప్పి ఉండాదమ్మా. దాన్ని తీసేదానికి ఎవురూ లేరు" అంది.

మొదట్లో ఆ బండిని ఎవరూ వీధిలోకి రానివ్వలేదు. ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంట్లో చావు ఖాయమని పేరు పడింది. చావు బండి అనేవాళ్ళు. అందుకని బండిని వీధి మొదట్లోనే ఆపించి, వైరు బుట్టలో మందులు పెట్టి, పైన ఒక ఆకుకూర కట్ట పెట్టుకొని, మార్కెట్టుకు పోయి వచ్చేదానిలా నడిచి వెళ్ళేది. సాయంత్రానికి వాడిపోయిన ఆ ఆకుకూరే మాకు కూర. ఒకసారి పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు, పిల్ల ఏం పని చేస్తుందని నన్ను అడిగారు. నేను నోరు తెరిచేలోపే, "సచ్చేవాళ్ళను చూసుకుంటా" అని తనే చెప్పింది. కాఫీ గ్లాసులు సగంలోనే కింద పెట్టి లేచిపోయారు. మిగిలిన కాఫీ ఆమే తాగింది.

ఫ్యాక్టరీకి సెలవైతే నన్నూ తీసుకుపోయేది. లత్తేరిలో ఒక ముసలాయనకు చెంప మీద పుండు. ఆ వాసనకు ఇంట్లోవాళ్ళు ఆయన మంచాన్ని బయట పశువుల పాకలో వేశారు. నేను పాక బయటే ముక్కు మూసుకొని నిలబడ్డాను. నా కూతురు పోయి ఆయన పక్కనే కూర్చుంది.

"వచ్చినావా, ఎముడి చెల్లెలా? మీ అన్న యాడ?" అన్నాడు ఆయన. మాట ముద్దముద్దగా వచ్చింది.

"అన్నకు బస్సు దొరకలేదంట తాతా. నన్ను ముందు పొమ్మన్నాడు. మొగం ఇట్ల తిప్పు."

ఆయన నవ్వితే పుండు కదిలి కన్నీళ్ళు వచ్చాయి. అయినా నవ్వాడు. ఆమె వాసన పోగొట్టే మాత్ర నూరి ఆ పుండు మీద చల్లింది. రెండు రోజుల్లో వాసన తగ్గుతుందని, తగ్గాక మంచాన్ని ఇంట్లోకి మార్చాలని కొడుకుకు గట్టిగా చెప్పింది. ఒళ్ళు పుండ్లు పడినవాళ్ళను అరిటాకు మీద పడుకోబెట్టేది. గోళ్ళు తీసేది. రోగం సంగతి తర్వాత అడిగేది. "నొప్పి తగ్గినాకే మాట్లాడుకుందాం" అనేది ఎవరితోనైనా.

నొప్పి తగ్గడానికి ఆమె ఇచ్చే మాత్రల గురించి చెప్పాలి. అవి మామూలు మాత్రలు కావు. మత్తు మందు కాబట్టి సర్కారు లెక్కలో ఉంటాయి. ఒక్క మాత్రకు లెక్క తేలకపోయినా అనుమతి పోతుంది, అనుమతి పోతే అన్ని ఇళ్ళకూ మందు ఆగిపోతుంది. అందుకే డాక్టరమ్మ మాట లేకుండా ఒక్కటీ ఎక్కువ ఇవ్వకూడదు. మనిషి పోయాక మిగిలినవి వెనక్కి తెచ్చుకోవాలి. పేర్ణాంబట్టులో బీడీలు చుట్టే ఒకామె భర్త పోతే, మాత్రలు అడగడానికి నా కూతురు పోయింది. "సమాధి మీద మన్ను ఆరలేదు, అప్పుడే వచ్చినావా రాబందా" అని ఆమె మాత్రల అట్టను మురుగుకాలువలో విసిరింది. నా కూతురు కాలువలో చెయ్యి పెట్టి తీసింది. ఇంటికి వచ్చి సబ్బుతో చేతులు తోముకుంటూ, "తిట్టనీలేమ్మా. వాళ్ళత్త గూడా మంచంలో ఉండాది. రేపు మళ్ళా నేనే పోవాల గదా" అంది.

తర్వాత ఆమెకే నడుము నొప్పి మొదలైంది. బండి కుదుపులకేమో అనుకున్నాను. వేలూరులో చూపించుకొని వచ్చి నన్ను కూర్చోబెట్టింది.

"అమ్మా, నాగ్గూడా అదే."

"ఏదే?"

"నేను చూసేవాళ్ళకు ఉండేదే. ఎముకల్లోకి పోయింది."

నేను అరిచి గుండెలు బాదుకున్నాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకొని వీపు నిమిరింది. ఆ పట్టుకునే పద్ధతి నాకు తెలుసు. ఇళ్ళల్లో తల్లులను అలాగే పట్టుకునేది. ఆ రోజు నుంచి నేనూ ఆమె చూసే ఇళ్ళల్లో ఒక ఇంటి తల్లినయ్యాను.

మంచం పట్టేలోపే ఒక కొత్త నర్సుకు పని నేర్పింది. ఎలా కూర్చోవాలో, ఏం మాట్లాడకూడదో, అన్నీ. ఆ పిల్లే తర్వాత మా ఇంటికి మందు తెచ్చేది. చాలా రోజులు మందు బాగా పనిచేసింది. నా కూతురు టీవీ చూసింది, నా వంటకు వంకలు పెట్టింది.

ఆ మంగళవారం పొద్దున నొప్పి మందుకు లొంగలేదు. ఆ పిల్ల వచ్చేసరికి నా కూతురు మంచం పట్టీ పట్టుకొని వంకర తిరిగిపోతూ ఉంది. మాత్రలు పిల్ల ఒడిలో సంచిలోనే ఉన్నాయి.

"ఒగటి ఎక్కువ ఇయ్యే."

"డాక్టరమ్మను అడుగుతానక్కా."

డాక్టరమ్మ ఏదో ఊరికి మీటింగుకు పోయింది. ఫోను కలవలేదు. చేస్తూనే ఉంది, కలవలేదు.

"నేనూ నర్సునే గదే. ఎంత ఇయ్యాల్నో నాకు తెలీదా? ఇయ్యి."

"నువ్వే చెప్పినావు గదక్కా. ఎవురు ఏడ్చినా డాక్టరు మాట లేకుండా సంచి తెరవద్దని. మీ అమ్మ అడిగినా తెరవద్దని."

"ఆ మాట చెప్పినప్పుడు నాకు ఇది తెలీదే."

నేను సంచి లాగాను. ఆ పిల్ల వదల్లేదు. కాళ్ళు పట్టుకున్నాను. ఏడ్చింది గానీ తెరవలేదు. అప్పుడు నా కూతురు తిట్టింది. "నీ చేతులు పడిపోను. మీ అమ్మకు రావాలే ఈ నొప్పి." కాలువలో చెయ్యి పెట్టినప్పుడు కూడా ఆమె నోట అలాంటి మాట నేను వినలేదు. ఆ పిల్ల జిప్పు మీద రెండు చేతులూ పెట్టుకొని గోడకు ఆనుకొని కూర్చుంది. లేచి పోలేదు, తెరవలేదు.

మధ్యాహ్నానికి నా కూతురు అడగడం మానేసింది. "అమ్మా, నోట్లో ఏమన్నా పెట్టు. వీధిలో వినబడకూడదు. నర్సుకే నొప్పి తగ్గలేదంటే ఇంగెవురు ఆ బండిని పిలుస్తారు?" అంది. నా కొంగు మడిచి పళ్ళ మధ్య పెట్టాను. కొరికి పట్టుకుంది.

పొద్దు వాలేవేళకు డాక్టరమ్మ ఫోను వచ్చింది. మాట వినీ వినకముందే ఆ పిల్ల సంచి తెరిచి మాత్రలు నీళ్ళలో నూరింది. అప్పటికి దవడలు బిగిసిపోయాయి. ఎంత ప్రయత్నించినా నోరు తెరుచుకోలేదు. మందు చెంప మీదుగా కారి దిండులోకి ఇంకిపోయింది. దీపాలు పెట్టే వేళకు నా కూతురు లేదు. కొంగు పళ్ళలోంచి రాకపోతే కత్తెరతో కత్తిరించాం. ఆ ముక్కతోనే పూడ్చిపెట్టాం.

ఆమె చేతుల మీదుగా మీ ఇళ్ళల్లో ఎందరో నొప్పి లేకుండా పోయారు. మీలో తెలిసినవాళ్ళు వచ్చి నాకు చెబుతున్నారు, సంతోషమే. నా బిడ్డకు మాత్రం అది దక్కలేదు. ఆ నియమం తీసేయండని నేను అడగను, దానివల్లే మీ ఇళ్ళకు మందు వచ్చింది. ఇన్ని ఊళ్ళకు ఒక్క డాక్టరమ్మ, ఒక్క ఫోను ఉంటే ఎలాగని అడుగుతున్నాను. ఒకరు అందకపోతే మాట చెప్పడానికి ఇంకొకరు ఉండాలి. ఈ పని నడిపేవాళ్ళు ఎవరైనా ఇది చదివితే వినండి.

ఇప్పుడు మీ ఇళ్ళకు వచ్చేది ఆ పిల్లే. మా వీధి వైపు వచ్చినప్పుడు మా ఇంటికి వస్తుంది. నేను రమ్మనను, రావద్దనను. అన్నం పెడతాను. కింద కూర్చొని ఒక చేత్తో తింటుంది. రెండో చెయ్యి ఒడిలో సంచి జిప్పు మీద ఉంటుంది. చారు పోయనా అని అడుగుతాను. తలెత్తకుండా పొయ్యమంటుంది. పోస్తూ నేను ఆ చేతులనే చూస్తాను.