నొప్పికి పర్యాయపదాలు

జపాన్ నుంచి ఒక పరిశోధకుడు పినపాక వైపు అడవి ఊళ్లకు నొప్పులు రాసుకోవడానికి వస్తున్నాడంటే మొదట నేనూ నవ్వాను. రెండువేలు దాటి నాలుగైదేళ్లయి ఉంటుంది. అప్పుడు నేనొక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ని. వేసవి సెలవుల్లో పనిలేక అందరి తప్పులూ దిద్దుతూ తిరుగుతుంటే, నా పోరు పడలేక ఎవరో ఆయనకు నన్ను చూపించారు. దుబాసీ పని అలా దొరికింది.

ఆయన చదువు సగం వైద్యం, సగం భాష, ఇంకో సగం మనుషుల తీరు. మూడు సగాలు ఎలా అవుతాయని నన్నడక్కండి, ఆయన్ని చూస్తే అవుతాయనే అనిపించేది. మనుషులు తమ నొప్పిని ఏ మాటల్లో చెప్పుకుంటారో తెలిస్తే డాక్టర్లకు రోగం తొందరగా అందుతుందని ఆయన నమ్మకం. వాళ్ల జపాన్ భాషలోనూ సలుపుకు ఒక జంట మాట, గుచ్చుకోవడానికి ఇంకో జంట మాట ఉన్నాయట. మన ‘చిమచిమ’ వినగానే, అది మా ‘చికుచికు’కు చుట్టమని మురిసిపోయాడు. చిమచిమలాడటం నేనే కనిపెట్టినట్టు నేనూ పొంగిపోయాను.

మొదటి రోజే ఒక నియమం రెండుసార్లు చెప్పాడు. మానిపోయిన నొప్పుల గురించే అడగాలి. ఇప్పుడు బాధపడుతున్న మనిషి కనిపిస్తే ప్రశ్నలు ఆపి, దవాఖానకు పంపి, లిస్టులోంచి పేరు తీసేయాలి. సరే సార్ అన్నాను. నియమాలంటే నాకు చాలా గౌరవం, అవి ఎదుటివాళ్లకైతే మరీను.

అది బీడీలు చుట్టే తునికాకు సీజను. ఆడవాళ్లు తెల్లారకముందే అడవికి పోయి ఆకు తెంపుకొచ్చి, పగలంతా పందిరి కింద కూర్చుని కట్టలు కట్టేవాళ్లు. మేం వాళ్ల ముందు చేరి నొప్పులు అడిగేవాళ్లం. ఇంటికొచ్చిన మనిషి ముందు ఒంటి బాధ చెప్పుకోవడం వాళ్లకు మర్యాద కాదు. “మంచిగనే ఉన్నం సారూ” అని మంచినీళ్లు ఇచ్చి పంపేవాళ్లు. మూడు రోజులు తిరిగితే నోటుబుక్కులో మూడు మాటలు కూడా పడలేదు. నాలుగో రోజు ఆమె దొరికింది.

నలభై దాటిన మనిషి. ఇంట్లో ఆమె, పెళ్లికాని కూతురు, అంతే. కట్టలు కడుతూ తల ఎత్తకుండానే చెప్పింది. “కుడిదిక్కు డొక్క కింద పొడుస్తది సారూ. పొడిచి ఆగుతది. మళ్ల గుంజుతది.” ఎప్పటి నొప్పి అని ఆయన అడిగితే, ఆమెను అడక్కుండానే పోయినేటిదని ఇంగ్లీషులో చెప్పేశాను. మర్నాడు ఆమే పిలిచి, “గుంజుడు గాదు సారూ, మెలివెడ్తంది” అంది. ఆ మర్నాడు తడిబట్ట పిండినట్టుందంది. ఇంకో రోజు లోపల కొరివి తిప్పుతున్నట్టుందంది. ఆమె మాటలు నేను తెలుగులో రాసేవాణ్ని, ఆయన పక్కనే తన లిపిలో రాసుకునేవాడు. ఇలాంటి మనిషి కోసమే ఇంత దూరం వచ్చానన్నాడు.

లేవబోయే ముందు ఆమె రోజూ ఒకటే అడిగేది. “మందెప్పుడిస్తరు సారూ?”

ఆమె ఆలోచన తేలికే. నొప్పిని సరిగ్గా చెప్తే సరైన మందు ఇస్తారు. మందు రాలేదంటే తాను ఇంకా సరిగ్గా చెప్పలేదన్నమాట. అందుకే రోజుకో కొత్త మాట వెతికి తెచ్చేది. ఈ సంగతి నాకు రెండో రోజే తెలిసిపోయింది. ఉన్నదున్నట్టు చెప్తే ఆమె లిస్టులోంచి పోతుంది, ఆయన దిగులు పడతాడు, మేం మళ్లీ మంచిగనే ఉన్నవాళ్ల ఇళ్ల చుట్టూ తిరగాలి. అందుకని, “మీ ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతోంది” అని తర్జుమా చేశాను. ఆయన లేచి నిలబడి, నడుం దాకా వంగి, బాగున్నానని చెప్పాడు. అంత చదువుకున్న మనిషి తన ముందు అంతగా వంగేసరికి ఆమెకు ధైర్యం వచ్చింది. “ఇస్త అంటుండా?” అని నన్నడిగింది. “అవ్ అక్కా, ఇస్తడు” అన్నాను. సిగ్గులేని జన్మ. వారం రోజులు ఆమె మందు అడిగింది, ఆయన వంగాడు.

ఆ తర్వాత ఒకరోజు పోయేసరికి పందిరి కింద ఆకు కట్టకుండా కుప్పగా పడి ఉంది. కూతురు మమ్మల్ని లోపలికి తీసుకుపోయింది. ఆమె మంచం మీద మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని ఉంది, ఒళ్లు కాలిపోతోంది. నేను అలవాటు కొద్దీ నోటుబుక్కు తెరిచి, “ఇయ్యాల ఎట్లుందక్కా?” అన్నాను. ఆమె ఆయన చేతిలోని పెన్ను తీసి పక్కన పెట్టి, ఆ చేతిని తన డొక్క కింద ఆనించుకుంది. దానికి దుబాసీ అక్కర్లేకపోయింది. ఆయన నా వైపు తిరిగి, ఇన్నాళ్లూ ఈమె ఏం అడిగిందన్నాడు. చెప్పాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన ఆమెను ఎత్తి మేం వచ్చిన జీపు ఎక్కించాడు.

గోదావరి వంతెన దాటి భద్రాచలం చేరేదాకా ఆయన ఆమె వైపు చూస్తూ తన భాషలో ఒకటే మాట మళ్లీ మళ్లీ అన్నాడు. దాన్ని తర్జుమా చెయ్యమని నన్ను అడగలేదు.

దవాఖానలో డాక్టరమ్మ డొక్క మీద చెయ్యి వేసి ఒక్కసారి నొక్కి చూసింది. తర్వాత పరీక్షలు చేయించి, పిత్తాశయంలో రాళ్లున్నాయి, చీము పట్టింది, ఆపరేషన్ చెయ్యాలంది. ఆమె బతికింది. లేకపోతే ఇది రాసే ముఖం నాకుండేది కాదు.

లోపలికి తీసుకుపోయే ముందు డాక్టరమ్మ గట్టిగానే కసిరింది. “ఇన్ని రోజులు ఏం జేసినవమ్మా? నొప్పి ఉందని ఎవ్వరికీ చెప్పలేదా?”

ఆమె చెయ్యెత్తి నన్ను చూపించింది. గొంతులో కోపం లేదు, నన్నెవరూ ఏమీ అనకుండా వెనకేసుకొస్తున్నట్టే ఉంది.

“చెప్పిన మేడం, రోజూ చెప్పిన. గీ సారు ఒక్కటి ఇడవకుంట అన్నీ రాసుకున్నడు.”