మసీదు పెట్టెలో వేసిన పుస్తకం

ఆ రోజు జగిత్యాలలో ఉస్తాద్ ముందు కూర్చుని, ఆయన పుస్తకాన్ని పోలీసులు పట్టుకుపోయారని చెప్పాను. అది అబద్ధం. దాన్ని పోగొట్టింది నేను.

చిన్నప్పుడు నాకు ఉర్దూ అక్షరాలు దిద్దించింది ఆయనే. ఆయన తాత అరబ్బీ, ఫార్సీ అక్షరాలను అందంగా రాయడంలో పేరున్న మనిషి. శిష్యుల కోసం తాత రాసిన మాదిరి పుటలన్నీ ఒక తోలు అట్టలో కుట్టి ఉండేవి. అలాంటి పాత కళలను కాపాడటానికి విరాళాలతో నడిచే సంస్థ ఒకటి హైదరాబాద్‌లో ఉంది. పుటలు చూపిస్తే బాగుచేయిస్తామనీ, ఉస్తాద్ ఆ రాత నేర్పడానికి నెలనెలా సాయం చేస్తామనీ వాళ్లు ఉత్తరం రాశారు. ఆయనకు అప్పటికే ఒక కన్ను పోయింది, రెండోది మసకబారుతోంది. చూపు ఉండగానే ఎవరికైనా నేర్పాలని ఆయన ఆరాటం. ఒక్కో పుటలో ఏముందో ఇంగ్లీషులో రాసి పంపాలి కాబట్టి పుస్తకాన్ని కోరుట్లలోని మా ఇంటికి తెచ్చుకున్నాను.

మాది కథలాపూర్ దగ్గరి ఊరు. మా పొలాల్లో అన్నలు, అంటే నక్సలైట్లు, ఎర్రజెండాలు పాతాక ఇంటికి తాళం వేసి కోరుట్లకు వచ్చేశాం. ఇక్కడ పోలీసుల భయం. అన్నలకు చందా ఇచ్చామేమోనని వాళ్ల అనుమానం. చేతిరాత కాగితం ఏ భాషలో దొరికినా ప్రశ్నలే. ఒక ఉదయం పక్క వీధిలో సోదాలు మొదలయ్యాయని తెలిసి, పుస్తకాన్ని తువ్వాలులో చుట్టుకుని మసీదుకు పరుగెత్తాను. చిరిగిన పవిత్ర పుటలను ముస్లింలు చెత్తలో పడేయరు. మసీదు గోడకున్న చెక్కపెట్టెలో వేస్తారు. దాని జోలికి పోలీసులు రారని అందులో వేశాను. పెట్టె నిండితే ఏం చేస్తారో నాకు తెలుసు. మర్నాడే తీసుకోవాలనుకున్నాను. మర్నాడు భయమేసింది. ఆ మర్నాడూ అంతే. వారం తర్వాత వెళ్తే పెట్టె ఖాళీ. అన్నిటినీ మూటగట్టి, రాయి కట్టి పాతబావిలో వదిలామని అజాన్ ఇచ్చే పెద్దమనిషి మామూలుగా చెప్పాడు. ఆ సిరా నీళ్లలో నిలిచేది కాదు.

పోలీసుల పేరు చెబితే ఎవరైనా నోరు మూసుకుంటారని నా లెక్క. ఉస్తాద్ మూసుకోలేదు. రోజూ బస్సెక్కి కోరుట్లకు వచ్చి ఠాణా గేటు దగ్గర ఎండలో కూర్చున్నారు. మూడో రోజు నాకు తెలిసి వెళ్లేసరికి ఒక కానిస్టేబుల్ ఆయన్ను ఆటపట్టిస్తున్నాడు.

"మళ్లొచ్చినవా తాతా? మేమేమన్న పుస్తకాల దుకాణం పెట్టినమా?"

నేను పలకరించగానే ఉస్తాద్ గొంతును బట్టి గుర్తుపట్టి పక్కకు పిలిచారు. "ఎవలింట్ల దొరికిందని అడుగుతున్నరు బేటా. నీ పేరు చెప్పలే. నీకు తకలీఫ్ అయితదని."

అక్కడే, రోడ్డు పక్కన, అంతా చెప్పేశాను.

"భయంతోని పెట్టెల వేసినవ్. గది సమజైతది. మూడు దినాలు నన్ను గీడ కూసోబెట్టినవ్ సూడు, గది సమజైతలేదు."

బస్సు ఎక్కించబోతే నా చెయ్యి తీసేశారు.

హైదరాబాద్ వెళ్లి సంస్థవాళ్లకు నిజం చెప్పాను. చూడటానికి పుటలు లేనిదే సాయం కుదరదన్నారు. ఉస్తాద్ తాత పెళ్లిళ్లకు రాసిచ్చిన గోడ ఫలకాలు కొన్ని పాత ఇళ్లలో ఉన్నాయని విని జగిత్యాల, రాయికల్, సిరిసిల్లల్లో గడపగడపా తిరిగాను. సిరిసిల్లలో ఒకటి సాంచాలనే మరమగ్గాల పైన, నూలు దుమ్ములో దొరికింది. ఎవరూ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. పల్చటి కాగితం పరిచి అక్షరం అక్షరం పెన్సిలుతో దిద్దుకున్నాను. అందుకు రెండేళ్లు పట్టింది.

వాటిని చూసి సంస్థ సాయం మంజూరు చేసింది. అప్పటికి ఉస్తాద్‌కు చూపు పూర్తిగా పోయింది. నేర్చుకోవడానికి ఇద్దరు వచ్చారు. ఆ రాతలో అక్షరం పొడవును కలం పెట్టే చుక్కలతో కొలుస్తారు. వాళ్లు రాసిన అక్షరం ఎన్ని చుక్కలుందో చూసి ఆయనకు చెప్పడానికి మనిషి కావాలి. వారానికి రెండు రోజులు జగిత్యాల బస్సెక్కి వెళ్లి ఆ పని చేశాను. ఎన్ని అని ఆయన అడిగేవారు. నేను చెప్పేవాణ్ని. అంతకుమించి నాతో మాట్లాడలేదు.