పెదనాన్న నునుపు చేసిన మీట

పెదనాన్న పోయారని కాన్వెంటు మదర్ వచ్చి చెప్పినప్పుడు నేను చిన్నపిల్లల పలకలు దిద్దుతున్నాను. విషజ్వరంతో ఆసుపత్రిలో ఉన్నారు. తగ్గుతోందనే అనుకున్నాం. వెంటనే ఏడుపు రాలేదు. ముందు భయం వచ్చింది. రంగూన్ తామ్వే పేటలోని ఇంట్లో, టేకు పెట్టెలో, ఆయన రివాల్వరు ఉంది. దాన్ని పేల్చే మీట ఎంత తేలిగ్గా కదులుతుందో ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు దాన్ని ఎవరు ముట్టుకుంటారు?

మా నాన్న పోయాక నన్ను రంగూన్ తెచ్చి కాన్వెంటులో వేసింది పెదనాన్నే. కలప కంపెనీలో ఆయన ఉద్యోగం. అడవుల్లో తిరగాలి కనుక రివాల్వరుకి లైసెన్సు ఇచ్చారు. ఒకసారి దుంగ దొర్లి కుడిచేతి చూపుడు వేలు బిగుసుకుపోయింది. కొత్త రివాల్వరు మీట ఆ వేలికి లొంగలేదు. దాన్ని తన వేలికి తగ్గట్టు మలుచుకోవడంతో మొదలైన పని సరదాగా మారి, ఆదివారాలన్నీ ఆక్రమించింది.

మధ్యాహ్నం భోజనమయ్యాక వరండాలో తెల్లగుడ్డ పరిచేవారు. మీట ఊడదీసి, నూనెరాయి మీద మెల్లగా రుద్ది, వెలుతురుకి పట్టి చూసి, మళ్లీ రుద్దేవారు. ఒకటి వెడల్పుది, ఒకటి సన్నది, ఒకటి గీతలు చెక్కింది. తాను చేసిన మీటలన్నీ పట్టుగుడ్డ ముక్కల్లో చుట్టి దాచుకునేవారు.

"నాకు ముక్కుపుడక మారి ఎన్నాళ్లయిందో! దీనికి మాత్రం వారానికో నగ," అనేది పెద్దమ్మ.

"నీ ముక్కు పేల్దు కదే!" అనేవారు ఆయన.

పుస్తకం అడ్డం పెట్టుకుని నేను చూస్తూ కూర్చునేదాన్ని. ఒకనాడు తూటాలన్నీ దూరంగా పెట్టి, నాకు రెండుసార్లు తెరిచి చూపించి, రివాల్వరు చేతిలో పెట్టారు. వెనకనున్న సుత్తి లాగి ఉంది. మీటకి వేలు ఇంకా ఆనించానో లేదో టక్కుమని పడింది. చటుక్కున దాన్ని గుడ్డ మీద పెట్టేశాను.

"బయమేసిందేటే అమ్మడూ?"

తలూపాను.

"మంచిదే. బయపడే సెయ్యే దీనికి కావాల. బయం లేనోడికి నేనిది ఇవ్వను."

నా పిరికితనాన్ని మెచ్చుకున్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. స్కూల్లో అందరూ నన్ను గట్టిగా మాట్లాడమనేవారు. ఆయన ఎప్పుడూ అనలేదు. నా పెదవి కదిలితే చాలు, చేతిలో పని ఆపేవారు.

ఆయుధపూజ నాడు మాత్రం ఇంట్లో యుద్ధమే. ఖాళీగా ఉన్నదేదీ పెద్దమ్మ అమ్మవారి ముందు పెట్టదు. కుంచంలోనైనా గుప్పెడు బియ్యం పోసి పెడుతుంది.

"ఇది సెంబు కాదే, కాళీగానే ఉండాల!"

"ఏదయితే ఏటి? అమ్మోరి ముందు కాళీదెట్టి ఏటడుగుతాను?"

చివరికి తూటాలు పెట్టే చక్రం రంధ్రాల్లో అక్షింతలు పోయడానికి రాజీపడేవారు. తర్వాత వారమంతా కోడి ఈకతో గింజలు కెలుక్కుంటూ, "మీ అమ్మోరు నా మీట పాడుసేసీసింది," అని సణిగేవారు. ఈ ఏడు దసరాకి ఆయన ఆసుపత్రిలో ఉన్నారు. నేను కాన్వెంటులో ఉన్నాను. పూజ పెద్దమ్మ ఒక్కతే చేసుకుంది.

కర్మలన్నీ అయ్యాక పోలీసు ఆఫీసరు వచ్చాడు. బర్మా ఆయన, మర్యాదస్థుడు. చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. లైసెన్సు మనిషితోనే పోయింది కనుక రివాల్వరు అప్పగించమన్నాడు. పెద్దమ్మ ఎదుటి గోడకు ఆనుకుని కూర్చుంది. నేను పెట్టె తెచ్చి ముందు పెట్టాను. మీట సంగతి చెప్పాలని పెట్టె తెస్తున్నంతసేపూ బర్మా మాటలు కూడబలుక్కున్నాను. ఆఫీసరు ఎదురుగా నిలబడేసరికి ఒక్కటీ రాలేదు.

ఆయన పెట్టెలోంచి రివాల్వరు తీశాడు. మీట చూడగానే ముఖం మారింది. మంచి పనితనం తెలిసిన మనిషి. బొటనవేలితో దాని నునుపు తడిమి చూసుకున్నాడు. ఖాళీదే అనుకున్నాడేమో, సుత్తి వెనక్కి లాగి, గొట్టం గోడ వైపు ఎత్తాడు. ఆ గోడ కిందే పెద్దమ్మ.

అప్పుడు పసుపు కనబడింది, పిడి మీదా చక్రం మీదా. అక్షింతల కోసం నా కళ్లు వెతికాయి. ఒక్క గింజ లేదు. రంధ్రాల చివర తూటాల ఇత్తడి మెరిసింది.

ఆయన వేలు మీట వైపు వంగింది.

అరిచాను. ఏ భాషలో అరిచానో నాకు తెలియదు. నా గొంతు అంత పెద్దదని కూడా అప్పటిదాకా తెలియదు. ఆయన వేలు ఆగింది. గొట్టం నేల వైపు దింపి, సుత్తిని బొటనవేలితో పట్టి మెల్లగా వదిలి, చక్రం తెరిచాడు. తూటాలు అరచేతిలోకి జారాయి. ఆయన పెదవులు పాలిపోయాయి.

"ఏటయిందే? ఎందుకలా అరిసావు?" అంది పెద్దమ్మ.

"నిండుగా ఉంది పెద్దమ్మా."

"ఉండదా మరి? మీ పెదనాన్న ఇంటికి రావాలని ఆ పూజలో మొక్కుకున్నాను. బియ్యపు గింజలతో సరిపెట్టేస్తానా?"

ఆఫీసరుకు మా మాటలు తెలియవు. చేతిలోవి ఎక్కడ పెట్టాలో తోచక, బొట్టులేని ఆవిడ ముఖం చూసి, చెయ్యి అలాగే చాపి ఉంచాడు. ఆ అరచేతిలో ప్రతి తూటాకీ, వెనక ఇత్తడి బిళ్ల మీద, కొంచెం గంధం, దాని మధ్య గుండ్రంగా దిద్దిన కుంకుమ బొట్టు.