కంపు లేని చావు

మా జంతుశాస్త్రం సార్‌కు చావంటే మూడే కారణాలు తెలుసు. దెబ్బ తగిలితే చస్తుంది, తిండి లేకపోతే చస్తుంది, రోగమొస్తే చస్తుంది. ఎద్దయినా అంతే, ఎద్దు లోపలి కణమైనా అంతే. ఈ మాట ఆయన తన నోట్సులోంచి చదివి వినిపించేవారు. తాను విద్యార్థిగా ఉన్నప్పుడు రాసుకున్న నోట్సు అది. కాగితాలు పసుపుపచ్చగా మారి అంచులు రాలిపోతుండేవి. అంచుతో పాటు మాట రాలిపోయిన చోట సార్ ఆగిపోయేవారు. మేమూ అక్కడ ఖాళీ వదిలి రాసుకునేవాళ్లం. ఆ ఖాళీలు నా పుస్తకంలో ఇప్పటికీ ఉన్నాయి.

ఎనభైల మొదట్లో సంగతి. వారానికి రెండుసార్లు కొళాయి వస్తే పండగ చేసుకునే ఊళ్లో మా డిగ్రీ కాలేజీ. వానలు పడని ఏడాది ప్రాక్టికల్స్‌కు కప్పలు కూడా దొరికేవి కావు. ఒక్క కప్పను ఆరుగురం కోసేవాళ్లం, ఏడోవాడు బొమ్మ గీసుకునేవాడు. ఆ కరువులో సార్‌కు నేను దొరికాను. మాది మడకశిర వైపు పల్లె. చేలో వేరుశనగ ఎండిపోయినా బావి కింద అరెకరం మల్బరీని ఎలాగో బతికించుకుని మా నాయన పట్టుపురుగులు మేపేవాడు. సోమవారం బస్సుకు వచ్చేటప్పుడు గూడు కట్టడానికి సిద్ధంగా ఉన్న పండిన పురుగుల్ని ఒక బుట్టలో తెచ్చేదాన్ని. వీపు మీద కోసి నీళ్లలో విప్పితే, పేగుకు రెండు పక్కలా మెలికలు తిరిగిన పట్టు గ్రంథులు సేమ్యా పాయల్లా మెరిసేవి. కప్ప కంటే సులువు, కంపు ఉండదు. సార్ నన్ను పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది అప్పటినుంచే. అందుకు నేను పొంగిపోయాను కూడా. ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఆ ఏడాదే నాయనకు విత్తన రైతు కార్డు వచ్చింది. మామూలు గూళ్లను వేడి నీళ్లలో వేసి దారం తీస్తారు, లోపలి పురుగు అక్కడితో సరి. విత్తనపు గూళ్లను మాత్రం ప్రాణంతో ఉంచుతారు. వాటిలోంచి రెక్కల పురుగులు బయటికొచ్చి గుడ్లు పెడితే, ఆ గుడ్లు మిగతా రైతులకు పోతాయి. ఎవరి పురుగులు పడితే వాళ్లవి విత్తనానికి తీసుకోరు. ఎన్నో పంటలు చూసి, ఇంటికొచ్చి తట్టలు చూసి, అప్పుడిస్తారు ఆ కార్డు. నాయన దాన్ని దేవుడి పటం వెనక పెట్టి, దీపం వెలిగించినప్పుడల్లా ఒకసారి తీసి చూసుకునేవాడు. చెప్పిన రోజుకు మొదటి పంట గూళ్లు సర్కారు విత్తన కేంద్రానికి చేర్చాలి. చేర్చకపోతే కార్డు ఇంకొకరికి పోతుంది.

సరిగ్గా చేర్చాల్సిన రోజుకు ముందురోజు సార్ మా పదిమందిని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చారు. క్షేత్ర పర్యటన అట.

పురుగుల ఇంట్లోకి అడుగుపెట్టడానికి మాకో పద్ధతుంది. గడపలో సున్నం చల్లి ఉంటుంది. చెప్పులు బయట విడిచి, కాళ్లు చేతులు కడుక్కుని, ఆ సున్నం తొక్కి లోపలికి రావాలి. మా చిన్నాయన బీడీ తాగి వస్తే నాయన అతణ్ణి కూడా వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడి పంపేవాడు. అలాంటి మనిషి, సార్ బూట్లతో గడప ముందు నిలబడగానే వంగి, భుజం మీది టవలుతో ఆ బూట్ల దుమ్ము దులిపి, "రాండి సార్, లోపలికి రాండి" అన్నాడు. సార్ వచ్చేశారు. బూట్లతోనే. చదువంటే మా నాయనకున్న భయభక్తులు అలాంటివి. ఆ చదువు ఎంతుందో నాకు తెలుసు, అయినా నోరెత్తలేదు.

తట్టలో గూళ్లు తెల్లగా, గట్టిగా ఉన్నాయి. సార్ ఒకటి తీసుకుని, నా దగ్గర బ్లేడు అడిగి కోశారు. లోపల ప్యూపాగా మారిన పురుగు, గోధుమరంగులో, వేలితో తాకితే తోక కదిలించింది. దాన్ని ఒక మల్బరీ ఆకు మీద పెట్టి నిలువునా చీల్చారు. మీగడలాంటి ముద్ద బయటికొచ్చింది. సార్ దాన్ని పుల్లతో అటూ ఇటూ జరిపారు. ఇంకోటి కోశారు. మరో మూడు కోశారు.

"పట్టు గ్రంథులు యాడబ్బా?" అన్నారు మా నాయన ముఖం మీదికి చూపుడువేలు చూపిస్తూ, అవేవో నాయనే దాచుకున్నట్టు.

ఆయన నోట్సులో ప్యూపా గురించి ఒక్కటే వాక్యం ఉంది: ప్యూపా విశ్రాంతి దశ. అంటే పురుగు దుప్పటి కప్పుకుని పడుకుంటుందని ఆయన అర్థం చేసుకున్నారు. పడుకున్న మనిషికి కాళ్లు చేతులు ఎక్కడికి పోతాయి? కాబట్టి గ్రంథులు కనబడలేదంటే కుళ్లిపోయినట్టే. అన్నేళ్లు పాఠం చెప్పిన మనిషి ఒక్కసారైనా ఒక్క ప్యూపాను కోసి చూసిన పాపాన పోలేదని ఆ క్షణంలో నాకు తెలిసిపోయింది.

"రోగమప్పా ఇది" అన్నారు సార్. "లోపల అవయవాలన్నీ కుళ్లిపోయినాయి. చూడు, ఒక్కటి కూడా మిగల్లేదు."

నాయన తట్ట దగ్గర్నుంచి రెండడుగులు వెనక్కి వేశాడు. పురుగుల ఒంటి మీద గుడ్లు పెట్టే ఊజీ ఈగ కొత్తగా వచ్చి పంటలు పాడుచేస్తున్న రోజులవి, రోగమనే మాట వింటేనే పురుగుల రైతులు వణికిపోయేవాళ్లు. మా అమ్మ మాత్రం ముందుకొచ్చి, ఆ ఆకును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మా ఇంట్లో రోగం పట్టుకునేది అమ్మ ముక్కే. తట్ట మీదికి వంగి, ఏ మూల పురుగు చెడిందో కళ్లు మూసుకుని చెప్పేది.

"కంపు లేదు కదా సార్" అంది. "రోగమయితే కంపు కొడ్తాది. ఇవి బాగుండాయి. గూడు అల్లేది అయిపోయినాక ఆ దారం సంచులు దానికెందుకు? మేస్త్రి ఇల్లు కట్టినాక సారవ కట్టెలు ఇప్పుకొని పోడా?"

సార్ నా వైపు తిరిగి, "ఏమ్మా, మీ అమ్మ కూడా బీయస్సీ చదివిందా?" అన్నారు. మిగతావాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. అమ్మ ఆకును కింద పెట్టి, చేయి కొంగుకు తుడుచుకుని వంటింట్లోకి వెళ్లింది. బీయస్సీ మొత్తంలో నేను విన్న ఒకే ఒక్క నిజమైన పాఠం అదే, దానికి నేను చేసిన మర్యాద ఆ నవ్వు.

సార్ నాయనను పక్కకు పిలిచి సలహా చెప్పారు. "కేంద్రానికి తీసుకపోయినావంటే తాలూకా అంతా అంటిస్తావు. కార్డు పోయేది పక్కన పెట్టు, నిన్ను లోపలేస్తారు. గుంత తీసి, సున్నం పోసి పూడ్చెయ్. నేను చూసినాను కాబట్టి సరిపోయింది."

బావి వెనక నాయనే గుంత తవ్వాడు. మనిషిని పెట్టుకోలేదు, రోగం సంగతి ఊళ్లో తెలుస్తుందని. బుట్టలు వంచుతుంటే గూళ్లలో పురుగులు గలగలమన్నాయి. బతికున్న పురుగు అలాగే గలగలమంటుంది, చచ్చింది గూటికి అంటుకుపోయి చప్పుడు చేయదు. ఇది మావైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాయనకు తెలియదా? తెలుసు. చెవులతో వింటూనే పూడ్చాడు. ఆ సమయంలో సార్ మా పంచలో కూర్చుని సంగటి, నాటుకోడి పులుసు తింటున్నారు. పులుసు బాగుందని రెండోసారి వేయించుకున్నారు.

అమ్మ ఒక దోసెడు గూళ్లు చాటలో దాచి, పైన గుడ్డ కప్పింది. వారం తిరగ్గానే వాటిలోంచి తెల్లటి రెక్కల పురుగులు బయటికొచ్చాయి. రెక్కలు టపటపలాడిస్తూ జతలు కట్టి, చాట నిండా ఆవాలు చల్లినట్టు గుడ్లు పెట్టాయి. ఒక్కటి కూడా చెడలేదు. ఆ ఆదివారం నేను ఇంటికి వెళ్తే, అమ్మ ఆ చాట తెచ్చి మా ఇద్దరి ముందు పెట్టింది.

"ఈ నాలుగూ మంచివి మిగిలింటాయిలే" అన్నాడు నాయన. "అంత చదివినాయనకు తెలీదా?"

అప్పటికే కార్డు పక్క ఊరి రైతుకు పోయింది.

నాకు మాత్రం మనసు నిలవలేదు. తర్వాతి పంటప్పుడు సెలవుపెట్టి ఇంట్లో కూర్చుని, గూళ్లను రోజుకు కొన్ని చొప్పున కోసి చూశాను. గూడు అల్లుతున్న పురుగులో గ్రంథులు నిండుగా ఉన్నాయి. అల్లడం అయ్యాక సన్నబడ్డాయి. ప్యూపాగా మారిన మర్నాడు ముక్కలు ముక్కలుగా కనిపించాయి. ఆ తర్వాత లేవు. ఎక్కడా కంపు లేదు. అమ్మ చెప్పింది అక్షరాలా నిజమని నా బ్లేడే నాకు చూపించింది.

చాలా ఏళ్ల తర్వాత నేనూ పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాక, దీని గురించి చదివాను. కణం రెండు రకాలుగా చస్తుంది. దెబ్బకో రోగానికో చచ్చే కణం ఉబ్బి, పగిలి, లోపలిదంతా చుట్టుపక్కల కక్కి, వాపూ మంటా తెస్తుంది. ఇంకో రకం కణం పని అయిపోయిందని కబురు అందగానే ముడుచుకుంటుంది. తన సామాను తనే చిన్న చిన్న మూటలు కట్టుకుంటుంది. పక్క కణాలు ఆ మూటల్ని మింగేసి కొత్త ఒంటికి వాడుకుంటాయి. పగలడం లేదు, కారడం లేదు, కంపు లేదు. ఎలా చావాలో ఆ కణంలో ముందే రాసి ఉంటుంది. తోకకప్ప తోక పోయేది ఇలాగే. ఈ సంగతి తేల్చిన తొలి పరీక్షల్లో కొన్ని పట్టుచిలుకల మీదే జరిగాయట. మేం కాలేజీలో చేరేనాటికే దానికి పేరు కూడా పెట్టేశారు. మా సార్ నోట్సుకు ఆ కబురు అందలేదు.

తల్లి కడుపులో మన చేతులు కూడా మొదట తెడ్డుల్లాగే ఉంటాయి. మధ్యలో కణాలు మర్యాదగా చచ్చిపోతేనే వేళ్లు విడివడతాయి. మా నాయన ముఖం మీదికి సార్ చూపిన ఆ చూపుడువేలు ఉందే, అది వేలయింది కూడా అలాంటి చావు వల్లే. లేకపోతే పాపం, బాతుకాలు చూపించి అడగాల్సి వచ్చేది. పని అయిపోయాక తప్పుకోవాలని కంటికి కనిపించని కణానికి తెలుసు. మా సార్ మాత్రం రిటైరయ్యే వేళకు పైరవీ చేసి పొడిగింపు తెచ్చుకున్నారు.

ఆయన మీద నాకున్న చులకన ఇంత. చెప్తే నాకే హాయిగా ఉంటుంది. కానీ చెప్పాల్సింది ఇంకొకటుంది.

ఆఖరి ఏడాది ప్రాక్టికల్ పరీక్షలో నాకు పట్టుపురుగే వచ్చింది. గ్రంథులు చక్కగా విప్పి, పిన్నులు గుచ్చి పెట్టాను. వేరే ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినర్ చూసి మెచ్చుకుని, "ప్యూపాలో ఈ గ్రంథి ఏమవుతుంది?" అని అడిగాడు. పక్కనే మా సార్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. నన్నే చూస్తూ తల ఊపారు, చెప్పమ్మా అన్నట్టు. మార్కులు వేసేది ఇద్దరూ కలిసే.

నేను నా బ్లేడుతో చూసి రెండు నెలలు కూడా కాలేదు.

"ఆరోగ్యంగా ఉన్న ప్యూపాలో అలాగే ఉంటుంది సార్. కనబడకపోతే రోగం వచ్చినట్టు."

మా సార్ నవ్వారు. ఎగ్జామినర్ నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, టీ ఇంకా రాలేదేమని అటెండరును పిలిచాడు. నాకు ఫస్ట్ క్లాసు వచ్చింది.

ఆ కబురు తీసుకుని ఇంటికి వెళ్లేసరికి నాయన పీట ముందు కూర్చుని మల్బరీ ఆకు తరుగుతున్నాడు. పురుగులు పొర విడిచే ముందు మేత మానేసి పడుకుంటాయి, దాన్ని మావైపు జ్వరమంటారు. నాలుగో జ్వరం లేచి, ఆకలి మీదున్నాయి. నాయన సంతోషంతో కత్తి ఆపకుండానే అడిగాడు.

"పరీక్షలో మన పురుగే వచ్చిందంట కదా పాపా. ఏమడిగినారు?"

చెప్పాను. ఏం జవాబిచ్చానో కూడా చెప్పాను. ఇంట్లో కూర్చుని నేను కోసి చూసిన సంగతి కూడా ఆ పూటే మొదటిసారి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, తిడతాడని ఆశ పడ్డానేమో. నాయన కత్తి ఆపాడు.

"అయితే అవి బాగుండె అని నీకు తెలుసు."

"తెలుసు నాయనా. మార్కులు పోతాయని..."

నాయన బావి వెనకవైపు చూశాడు. సున్నం పోసిన చోట ఇంకా గడ్డి మొలవలేదు.

"నేను నమ్మి పూడిస్తి పాపా" అన్నాడు. "నువ్వు తెలిసీ పూడిస్తివి."

ఆకు ఎత్తుకుని పురుగులకు వేయడానికి లోపలికి వెళ్లిపోయాడు.