ఒకే బెంచీవాళ్లం

మా ఆగిరిపల్లి తోటలో మామిడికాయలు కోసేవాడూ, నేనూ బడిలో ఒకే బెంచీ. ఈ ఏడు తోట కౌలుకు తీసుకున్నాయన వాణ్ణి చూసి, “ఈ తాతని చెట్టెక్కించలేనండీ, వేరే మనిషిని చూసుకుంటా” అన్నాడు. వాడి పని పోయేలా ఉంది.

నేను డిగ్రీలో బయాలజీ చదివాను. “మా ఇద్దరిదీ ఒకే ఈడండీ. ఎండకి వాడి చర్మం కణాలు ముందే ముసలివైపోయాయి. నావి నీడలో ఉన్నాయి, అంతే తేడా” అని వివరించాను.

“అయితే కుర్ర కణాలు మీవేగా, మీరెక్కండి.”

ఎక్కాను. రెండో కొమ్మ దాకా చదువు పనికొచ్చింది. ఆ తర్వాత కళ్లు మూసుకుని కొమ్మని కావలించుకున్నాను. చివరికి తాతే పైకొచ్చి, “కాలు ఇక్కడ పెట్టరా, మనవడా” అంటూ దించాడు.

కౌలుదారు కాయలు కోసే చిక్కం వాడి చేతికిచ్చి, నన్ను నీడలోకి వెళ్లమన్నాడు.