పది కాయలు, తొమ్మిది సందులు

కోలారు బంగారు గనులు మూతపడ్డాక మా కేజీఎఫ్‌లో సగం ఊరు బెంగళూరు రైలు మీదే బతుకుతోంది. పత్రికాఫీసు ఉద్యోగానికి నేనూ ఆ రైల్లోనే వెళ్లొచ్చేవాణ్ణి. సాయంత్రం తిరుగు బండిలో ఆడవాళ్లు రాత్రి వంటకు కూరగాయలు తరుక్కుంటారు. చలికాలమైతే గింజల కోసం అనపచిక్కుడు కాయలు ఒలుస్తారు.

రోజూ మా ఎదుటి సీట్లో కూర్చునే ఒకామె ఏదో ఆఫీసులో ఊడ్చి తుడిచే పని చేసేది. నలభై దాటిన మనిషి. అక్కడ సూపర్‌వైజర్ కావాలంటే పదో తరగతి పాసవ్వాలన్నారట. ప్రైవేటుగా పరీక్షకు కట్టింది. మిగతావి ఎలాగో చదువుతానంది, భయమంతా లెక్కలంటేనే. ఆమె చేతులు కాయల్లో ఉంటాయి కనుక కన్నడంలో ఉన్న లెక్కల పుస్తకం నా సంచిలోనే పెట్టుకుని నేను చదివేవాణ్ణి, ఆమె తెలుగులో జవాబు చెప్పేది.

"సూపర్‌వైజరమ్మా, ముందు ఆ కాయలు ఒలువు. లెక్కలతో పులుసు కాగదు," అని పక్కావిడ ఎగతాళి చేసేది.

జనవరిలో ఆ పోస్టు ఇంకొకరికి ఇచ్చేశారు. ఆమే చెప్పింది. మర్నాడు నేను సంచిలోంచి పుస్తకం తీయలేదు, బాధపెట్టడం ఎందుకని. బండి వైట్‌ఫీల్డ్ దాటింది.

"ఏమప్పా, పుస్తకం యాడ?"

"పోస్టు పోయింది కదమ్మా."

"పోస్టు పోతే నిన్న తప్పిన లెక్క సరైపోయిందా? ఇంగ తియ్యి."

మూడుతో మొదలుపెట్టి నాలుగేసి కలుపుకుంటూ పోతే పదో సంఖ్య ఎంత? అదీ లెక్క. ముందురోజు ఆమె నలభై మూడంది. పుస్తకంలో ముప్పై తొమ్మిది ఉంది. సూత్రం చదవబోతే వద్దంది. సీటు మీద పది కాయలు వరసగా పేర్చి, కాయకూ కాయకూ మధ్య వేలు పెట్టి లెక్కపెట్టింది. మళ్లీ ఇంకోసారి.

"పది కాయలకు సందులు తొమ్మిదే ఉండాయి. నేను పదిసార్లు కలిపినాను చూడప్పా!"

పక్కావిడ కూడా వంగి చూసింది. "అవునే. ఇంగ ఆ కాయలు ఇట్లా వెయ్యి, పొద్దు పోతాది."

విలేకరిగా ఎంతోమందిని ఎందుకు ఇంత కష్టపడుతున్నారని అడిగాను. వాళ్లు చెప్పిన మొదటి కారణం రాసుకుని వచ్చేసేవాణ్ణి. ఆ కారణం పోయాక ఎవరు మానేశారో, ఎవరు మానలేదో తిరిగి వెళ్లి చూసింది లేదు.

ఏప్రిల్‌లో పరీక్ష రాసింది. ఫలితాలొచ్చిన సాయంత్రం, ఏమైందమ్మా అని అడిగాను. అలాంటి లెక్కే ఒకటి పడిందట. దాన్ని ఎలా మొదలుపెట్టిందో, ఎక్కడ తడబడిందో బంగారుపేట వచ్చేదాకా చెప్పింది. పాసైనానని చెప్పడం ఆ తర్వాత గుర్తొచ్చింది.