గడియ పడే తలుపు

పీహెచ్‌డీ ఇంటర్వ్యూ కోసం మొదటిసారి ఒంటరిగా హైదరాబాద్ వచ్చిన రోజది. అనంతపురంలో బస్సెక్కిస్తూ అమ్మ, "దారిలో నీళ్లు తాగద్దు పాపా, మళ్లా యాడ దిగుతావు?" అంది. మా ఇంట్లో ఆడవాళ్ల ప్రయాణాలన్నీ అలాగే సాగేవి. నేనూ గుక్కెడు ముట్టలేదు.

తార్నాకలో దిగి, మే నెల ఎండలో క్యాంపస్ రోడ్డు మీద నడుస్తుంటే కళ్లు బైర్లు కమ్మాయి. తెలివొచ్చేసరికి చెట్టు నీడన ఉన్నాను. అక్కడ రోడ్లు ఊడ్చే యాదమ్మ కొంగుతో విసురుతోంది.

"నీళ్లు తాగలేదా బిడ్డా?"

"బాత్రూమ్ ఎక్కడుందో తెలీదు కదా, అందుకే తాగలేదు," అన్నాను సిగ్గుపడుతూ.

"అడిగితె ఎవలన్న కొడ్తరా? పానం కంటె సిగ్గెక్కువైందా?" అని కోప్పడి, తన బాటిల్‌తో రెండు గుక్కలు తాగించింది. తర్వాత చెయ్యి పట్టుకుని పక్క భవనంలోకి నడిపించింది.

"గిదే లేడీస్ బాత్రూమ్. నీళ్లొస్తయి, గడియ పడ్తది. చూసినవ్ గదా? ఇగ భయం లేకుండ తాగు!"

బాటిలంతా ఖాళీ చేసి ఇంటర్వ్యూకి వెళ్లాను. సీటొచ్చింది.

అమ్మను తప్పుపట్టలేను. ఆమె తిరిగిన బస్టాండుల్లో గడియ పడే తలుపు ఎక్కడుంది? నేను మాత్రం ఇప్పుడు ఏ ఊళ్లో దిగినా బాత్రూమ్ ఎక్కడని గట్టిగానే అడుగుతాను. ఫోన్ చేసినప్పుడల్లా అమ్మకూ అదే చెప్తాను.

మొన్న అమ్మ నన్ను చూడ్డానికి వచ్చింది. చేతిలో ఖాళీ బాటిల్!

"రెండుసార్లు బస్సు ఆపిచ్చినా పాపా," అంది, ఏదో గెలిచొచ్చినట్టు.

- సుజాత, తార్నాక